పుస్తకం చదివినవారు సీరియల్ చూసే పద్ధతి

ఈ సలహాలు అందరికీ కావు. పుస్తకం ముందే చదివేసి, అదే కథ టీవీలో వస్తుంటే నలుగురి మధ్యా కూర్చుని చూడబోయేవారికి మాత్రమే. చదవనివారు ఇక్కడితో ఆపి వేరే పని చూసుకోవచ్చు. వాళ్ళు తెలుసుకోవలసినవన్నీ ఎపిసోడ్ నడుస్తుండగా మనమే చెబుతాం.

సాధనకి ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ను మించింది లేదు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన మొదటి పుస్తకం 1996లో వచ్చింది. హెచ్‌బీఓ సీరియల్ 2011 ఏప్రిల్ 17న మొదలైంది. ఈ రెండు తేదీల మధ్య చదివినవారు అసలు సిసలు పాఠకులు. సీరియల్ చూసి, నచ్చి, ఆ తర్వాత పుస్తకాలు కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని మన పంక్తిలో కూర్చోబెట్టకండి. మీరు నిజంగా ఎప్పుడు చదివారన్నది మీకూ పుస్తకాల షాపువాడికీ మధ్య విషయం. నలుగురిలో మాత్రం “సీరియల్ మాట కూడా లేనప్పుడే” అనండి. ఎవరూ బిల్లు అడగరు.

కథలోని రహస్యాలు కింద బయటపడతాయని ముందుగా హెచ్చరించడం మర్యాద అంటారు. మనకి ఆ అలవాటు లేదు.

ముందు రిమోట్ సంగతి. అమెరికాలో ఆదివారం రాత్రి 9 గంటలకి వచ్చే ఎపిసోడ్ మనకి సోమవారం ఉదయం 6:30కి వచ్చేది. చివరి సీజన్ల నాటికి హైదరాబాదులో ఎందరో అలారం పెట్టుకుని లేచి, పళ్ళు తోముకోకుండానే హాట్‌స్టార్ ముందు కూర్చున్నారు. ఆఫీసులో అడుగు పెట్టేలోపు చూసెయ్యకపోతే లిఫ్టులోనే ఎవడో కథ చెప్పేస్తాడన్న భయం వాళ్ళది. అలాంటి ఉదయాన మీ ఇంట్లో తోడల్లుడు, బావమరిది, ఊరినుంచి వచ్చిన మామగారు సోఫాలో సర్దుకున్నారనుకుందాం. రిమోట్ మీ చేతిలో ఉండి తీరాలి. గంట ఎపిసోడ్‌కి రెండు గంటలు పట్టకపోతే మీరు సరిగ్గా చూడటం లేదని అర్థం.

మొదటి సీజన్‌తో ఒక చిక్కుంది. అది పుస్తకాన్ని చాలావరకు ఉన్నదున్నట్టు అనుసరించింది. కంగారు పడకండి. కథలో తప్పు దొరకనప్పుడు శరీర అవయవాల మీద పడాలి. డెనేరిస్ తెర మీదికి రాగానే పాజ్ నొక్కి, “పుస్తకంలో ఈ అమ్మాయి కళ్ళు ఊదా రంగులో ఉంటాయి” అనండి. లెన్సులు పెట్టి చూశారనీ, నటనకి అడ్డం వస్తున్నాయని తీసేశారనీ మీకు తెలిసే ఉంటుంది. ఆ మాట పైకి అనకండి. ఇది ఈ విద్యలో మొదటి సూత్రం: మార్పు సంగతి చెప్పాలి, మార్పుకి కారణం దాచాలి. కారణం చెబితే అవతలివాళ్ళు “అవును కదా, పాపం” అంటారు. అక్కడితో చర్చ చచ్చిపోతుంది.

టిరియన్ ముక్కు ఇంకా మంచిది. పుస్తకంలో యుద్ధంలో అతని ముక్కు చాలావరకు తెగిపోతుంది. సీరియల్లో ముఖం మీద ఒక గాటుతో సరిపెట్టారు. అంత ముఖ్యమైన నటుణ్ణి ఆ తర్వాత ఏళ్ళ తరబడి ప్రతి షాటులోనూ ముక్కు లేకుండా చూపించాలంటే మేకప్‌కి రోజూ ఎన్ని గంటలు పోతాయో ఆలోచించడం మన పని కాదు. ఇక ఇనుప సింహాసనం. మార్టిన్ ఊహలో అది మనిషి ఎక్కి కూర్చోవాలంటే మెట్లు కావలసినంత పెద్ద కత్తుల గుట్ట. మార్క్ సిమొనెట్టి అనే చిత్రకారుడు గీసిన బొమ్మ తన ఊహకి దగ్గరగా ఉందని ఆయనే చెప్పాడు. ఆ బొమ్మ ఫోన్‌లో పెట్టుకోండి. సింహాసనం కనిపించిన ప్రతిసారీ ఫోన్ అందరి చేతుల్లోకీ తిప్పండి. వయసుల జోలికి మాత్రం పోవద్దు. పుస్తకంలో డెనేరిస్‌కి పెళ్ళి నాటికి పదమూడేళ్ళు, సీరియల్లో పెంచారు. ఇది చెప్పారంటే గదిలో ఉన్నవాళ్ళంతా “పెంచి మంచి పని చేశారు” అంటారు. మీరే సీరియల్‌ని గెలిపించినవారవుతారు.

“వీడెవడు?” అని ఎవరైనా అడుగుతారు. ఇది సహజం. 2009లో తీసిన పైలట్ ఎపిసోడ్‌ను నిర్మాతలు తమ స్నేహితులకి చూపిస్తే, జైమీ, సెర్సీ కవలలన్న సంగతే చాలామందికి అర్థం కాలేదు. కథంతా దాని మీదే నిలబడి ఉంది. దాంతో ఆ ఎపిసోడ్‌ను చాలావరకు మళ్ళీ తీశారు, డెనేరిస్, కాట్లిన్ పాత్రలు వేసినవాళ్ళు కూడా మారిపోయారు. నిర్మాతల స్నేహితులకే ఇంత కష్టమైనప్పుడు మీ బావమరిదికి అర్థం కాకపోవడంలో వింత లేదు. ఒక్క ముక్కలో “ఆవిడ తమ్ముడు” అని చెప్పి వదిలేస్తే పాపం వాడు హాయిగా చూసేస్తాడు. అందుకని దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట ఏగాన్ డ్రాగన్ల మీద వచ్చి ఏడు రాజ్యాలు గెలిచిన దగ్గరినుంచి మొదలుపెట్టండి. రాబర్ట్ తిరుగుబాటు దాకా వచ్చేసరికి వాడు తను అడిగిన ప్రశ్న మరచిపోతాడు. అప్పుడు “చూశావా, సీరియల్లో ఏమీ అర్థం కాదు” అనవచ్చు.

ఇక అసలు విద్య. జరగబోయేది తెలిసి, చెప్పకుండా చెప్పడం.

మూడో పుస్తకం 2000లో వచ్చింది. అందులో రాబ్ స్టార్క్, అతని తల్లి కాట్లిన్ ఒక పెళ్ళి విందులో హతమవుతారు. సీరియల్లో ఆ ఘట్టం 2013 జూన్ 2న వచ్చింది. అంటే చదివినవాళ్ళు పదమూడేళ్ళు ఈ గుట్టుని పొట్టలో పెట్టుకుని తిరిగారు. ఇది చిన్న విషయం కాదు. మన ఇళ్ళలో పెళ్ళి సంబంధం మాట పదమూడు గంటలు దాగదు. ఆ రాత్రి ఎందరో పాఠకులు తమ పక్కనున్నవాళ్ళకి తెలియకుండా ఫోన్ కెమెరా ఆన్ చేసి పెట్టారు. భార్య కుషన్ మొహానికి అడ్డం పెట్టుకోవడం, తమ్ముడు లేచి గదిలోంచి వెళ్ళిపోవడం, అన్నీ రికార్డు చేసి లోకానికి చూపించారు. మీరూ చేయండి. మంచి వెలుతురులో కూర్చోబెట్టడం మరచిపోవద్దు.

దానికి ముందు కొన్ని వారాల కృషి అవసరం. రాబ్ కనిపించినప్పుడల్లా నిట్టూర్చండి. “ఈ పిల్లాడంటే నీకు ఇష్టమా?” అని మరదల్ని ఆప్యాయంగా అడగండి. ఆవిడ ఇష్టమే అనగానే కళ్ళు దించుకుని, “నేనేమీ చెప్పను” అనండి. ఈ భాషలో ఇంతకంటే ఎక్కువ చెప్పే వాక్యం ఇంకొకటి లేదు. “తొమ్మిదో ఎపిసోడ్ నాడు లీవు పెట్టుకో” అన్నది కూడా బాగా పనిచేస్తుంది. మొదటి సీజన్లో నెడ్ స్టార్క్ తల తెగింది తొమ్మిదో ఎపిసోడ్‌లోనే, రెండో సీజన్లో పెద్ద యుద్ధం వచ్చిందీ తొమ్మిదిలోనే. కాబట్టి మీరేమీ చెప్పలేదని ప్రమాణం చేసి మరీ చెప్పవచ్చు.

ఆ పెళ్ళి ఎందుకంత దారుణమో వివరించాలా అంటే, వద్దు. ఆ లోకంలో ఒకరి ఇంట రొట్టె, ఉప్పు తిన్న అతిథికి ఆ ఇంట్లో ప్రాణభయం ఉండకూడదు. అది దేవతల ముందు చేసిన ప్రమాణంతో సమానం. వాల్డర్ ఫ్రే ఆ ఉప్పు పెట్టి మరీ చంపించాడు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదన్న మాట విని పెరిగిన మనవాళ్ళకి, ఉప్పు పెట్టినవాడే ద్రోహం చేయడం ఏమిటో చప్పున తడుతుంది. మీ మామగారు “అన్నం పెట్టి చంపాడా!” అని లేచి నిలబడతారు. ఆయన అలా కథలో పడిపోతే మీరెవరు? అందుకే సరిగ్గా ఆ క్షణంలో పాజ్ నొక్కి, “పుస్తకంలో రాబ్ భార్య ఈ పెళ్ళికి అసలు రానే రాదు, ఆవిడ పేరు కూడా ఇది కాదు” అని చెప్పాలి. నిజమే, పుస్తకంలో ఆ అమ్మాయి జేన్ వెస్టర్లింగ్, రివర్‌రన్ కోటలో ఉండిపోతుంది. సీరియల్లో తలీసా అనే వేరే పాత్రని కల్పించి, గర్భిణిగా ఆ పెళ్ళికి తీసుకొచ్చి, కడుపులో పొడిపించారు. మీ మాట వినగానే ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి మీవైపు చూస్తారు. ఆ చూపుని గౌరవంగా భావించండి.

మార్టిన్ ఈ అధ్యాయం రాయడానికి చేయి రాక, దాన్ని దాటేసి పుస్తకం మిగతాదంతా పూర్తి చేసి, చిట్టచివర రాశాడు. మీరు చదివిన రాత్రి మీ పక్కన ఎవరూ నిట్టూర్చలేదు, లీవు పెట్టుకోమనలేదు, కెమెరా పెట్టలేదు. పేజీ తిప్పేదాకా మీకు తెలియదు. మీకు దక్కిన ఆ తెలియకపోవడాన్ని ఇంకెవరికీ దక్కనివ్వకపోవడమే ఈ విద్యకి పునాది. ఇలాంటి ఆలోచనలు వస్తే మంచినీళ్ళు తాగి పక్కకి తిరిగి పడుకోండి.

పెళ్ళి అయిపోయాక ఇంకో పని మిగులుతుంది. పుస్తకం చివర చచ్చిపోయిన కాట్లిన్ ‘లేడీ స్టోన్‌హార్ట్’గా లేచి వస్తుంది, పగ తీర్చుకోవడానికి. “ఆగండాగండి, ఇంకా ఉంది” అని అందరినీ ఊరించి నాలుగో సీజన్ చివరిదాకా లాక్కురండి. ఆవిడ రాదు. ఐదులోనూ రాదు. సీరియల్ ముగిసేదాకా రాలేదు. ఊరించినందుకు మిమ్మల్ని నిలదీస్తే, “అదే కదా నేనంటున్నది!” అని మీరే గొంతు పెంచండి.

ఖర్చు విషయం వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉండాలి. రెండో పుస్తకంలో బ్లాక్‌వాటర్ యుద్ధానికి టిరియన్ ఊళ్ళో కమ్మరులందరి చేతా ఒక మహా ఇనుప గొలుసు చేయిస్తాడు. శత్రువుల ఓడలన్నీ నదిలోకి వచ్చాక ఆ గొలుసు పైకి లేపి వెనకదారి మూసి, పచ్చని మంటల్లో తగలబెడతాడు. గొలుసు ఎందుకన్నది పుస్తకం చదువుతున్నంతసేపూ తెలియదు. చివరికి తెలిసినప్పుడు లేచి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. 2012లో వచ్చిన ఎపిసోడ్‌లో గొలుసు లేదు. ఇంత చక్కని ఎత్తుని తీసేసిన దద్దమ్మ ఎవడని మీరు ఊగిపోవచ్చు, ఊగిపోండి కూడా. కాకపోతే చివర పేర్లు వచ్చేలోపు టీవీ ఆపేయండి. ఆ ఎపిసోడ్ రాసింది మార్టినే.

ఆయన కథ కూడా తమాషాగా ఉంటుంది. 1980లలో అమెరికా టీవీలో స్క్రిప్టులు రాసి బతికాడు. రాసిన ప్రతిదానికీ “బాగుంది, కానీ మన బడ్జెట్‌కి ఐదింతలుంది, తగ్గించు” అన్న తరహా జవాబులే వచ్చేవి. గుర్రాలు తగ్గించు, సైన్యం తగ్గించు, కోటలు తగ్గించు. విసిగిపోయి, ఎవడూ ఎప్పటికీ తీయలేనంత పెద్ద కథ కాగితం మీదే రాసుకుందామని నవలకి కూర్చున్నాడు. కాగితం మీద పదివేల గుర్రాలకీ ఒక గుర్రానికీ సిరా ఖర్చు ఒకటే. ఆ నవలనే టీవీవాళ్ళు కొనుక్కున్నారు. మొదటి నాలుగు సీజన్లకి ఏడాదికొక ఎపిసోడ్ తనే రాసి, తన గుర్రాల్ని తనే తగ్గించుకున్నాడు. మొదటి సూత్రం ప్రకారం ఇదంతా దాచవలసిన సమాచారం. బయట చెప్పారంటే మీ తోడల్లుడు రచయితకీ బడ్జెట్‌కీ మధ్య జరిగే యుద్ధం గురించి ఆసక్తిగా ప్రశ్నలు వేస్తాడు, మాట మంచి దారిలో పడి ఎంతసేపైనా సాగుతుంది, పుస్తకం చదివినవాడిగా మీ ప్రత్యేకత అందులో కలిసిపోతుంది.

న్యాయమైన ఫిర్యాదులకి కూడా దూరంగా ఉండండి. అలాంటివి లేకపోలేదు. 2015లో ఐదో సీజన్లో శాన్సాని రాంసీ బోల్టన్‌కి కట్టబెట్టి, పెళ్ళిరాత్రి ఆమె మీద అత్యాచారం చూపించారు. పుస్తకంలో ఆ నరకం పడేది వేరే అమ్మాయి, శాన్సా కథ వేరు. పైగా ఆ ఘోరాన్ని పక్కనే నిలబడి చూస్తున్న థియాన్ ముఖం మీద కెమెరా నిలిపి, బాధంతా అతనిదన్నట్టు చేశారు. ఈ మాట చదవనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. అదే దీనితో వచ్చిన తంటా. అందరూ ఒప్పుకునే అభిప్రాయం వల్ల మనకి ఒరిగేదేముంది?

అలాగే ‘ఎర్త్‌సీ’ కథ. ఉర్సులా లె గ్విన్ తన నవలల్లో నాయకుడు గెడ్‌ని, ఆ దీవుల్లో ఎక్కువమందిని తెల్లవాళ్ళు కానివాళ్ళుగా, రాగి రంగు, నలుపు రంగు మనుషులుగా కావాలనే రాసింది. 2004లో టీవీవాళ్ళు గెడ్ పాత్రకి తెల్లవాణ్ణి పెట్టి తీశారు. ఆవిడ ఊరుకోకుండా పత్రికకెక్కి కడిగేసింది. అది ఊదా రంగు కళ్ళ గొడవ కాదు. ఆ రంగు తీసేస్తే ఆవిడ ఆ లోకాన్ని ఎందుకు కట్టిందో అదే పోతుంది. ఏ మార్పు కథ ప్రాణం తీస్తుందో, ఏది చొక్కా మార్చినట్టో తేడా చెప్పగలవాళ్ళు కొందరుంటారు. అలాంటివాళ్ళని సోమవారం ఉదయం ఇంటికి పిలవకండి.

ఇక మామగారు. ఈయనతో పెను ప్రమాదం ఉంది. మీరు నాలుగోసారి “పుస్తకంలో ఇలా లేదు” అనగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “అల్లుడుగారూ, ‘మాయాబజార్’ ఎన్నిసార్లు చూసుంటారు?” అని అడుగుతారు. మీరు ఉత్సాహంగా జవాబు చెప్పబోతారు. చెప్పకండి, అది వల. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడితో ఆమె పెళ్ళి లేదు, ఘటోత్కచుడు పెళ్ళికూతురి వేషం కట్టిందీ లేదు. అభిమన్యుడు ఉత్తరని చేసుకున్నాడు, అంతే. 1957లో కె.వి. రెడ్డి తీసింది జనం నోట నలిగి, నాటకాల్లో పండిన కథ. అందులో ఎస్.వి. రంగారావు భోజనం చేస్తుంటే మీ ఇంట్లో మూడు తరాలు నోరు తెరుచుకుని చూశాయి, ఎవరూ పాజ్ నొక్కలేదు.

ఆయన అక్కడితో ఆగరు. తిక్కన గారి దగ్గరికి వెళతారు. ఏడు వందల శ్లోకాల భగవద్గీతని తిక్కన కొద్ది పద్యాల్లో తేల్చి యుద్ధంలోకి దిగిపోయాడు, కథ నడవాలి కాబట్టి. అంటే మన భాషలో మొట్టమొదటి మహాకావ్యమే ఒక అడాప్టేషన్, దాన్ని చేసినవాళ్ళని కవిత్రయం అని నెత్తిన పెట్టుకున్నాం, మరి ఈ అమెరికావాళ్ళు ఒక గొలుసు తీసేస్తే మీకింత కోపమెందుకు అని ఆయన వాదన. దీనికి సమాధానం లేదు. సమాధానం లేని వాదనకి వాడవలసిన మాట ఒకటుంది: “అది వేరండీ.” ఎందుకు వేరని అడిగితే, “అది పురాణం” అనండి. పురాణాన్నే మార్చగా లేనిది నవలని మార్చకూడదా అని ఆయన అడిగేలోపు అత్తయ్యగారిని పిలిచి కాఫీ తెమ్మనండి.

ఇప్పటిదాకా చెప్పినదంతా సుఖంగా సాగిన రోజుల సంగతి. 2016లో ప్రళయం వచ్చింది.

ఐదో పుస్తకం 2011 జూలైలో వచ్చింది. ఆరోది రాలేదు. సీరియల్ మాత్రం ఏడాదికొక సీజన్ చొప్పున పరుగెత్తి, ఆరో సీజన్‌కి పుస్తకాల్ని దాటేసింది. ఆ ఏడు మే నెలలో హోడోర్‌కి ఆ పేరెలా వచ్చిందో చెప్పే ఎపిసోడ్ వచ్చింది. తలుపు మూసిపెట్టి, వెనక చచ్చినవాళ్ళ సైన్యం చీల్చేస్తుంటే, బ్రాన్ తప్పించుకుపోయేదాకా పట్టుకుని నిలబడి ఆ అమాయకుడు చనిపోతాడు. అతని పేరూ, అతని బతుకూ ఆ ఒక్క నిమిషం కోసమే అలా అయిపోయాయని అప్పుడు తెలుస్తుంది. ఆ ఆలోచన మార్టిన్‌దే, నిర్మాతలకి ఆయనే చెప్పాడు. అయినా ఏ పుస్తకంలోనూ ఇంకా అచ్చు కాలేదు. చదివినవాడూ, చదవనివాడూ, మామగారూ అందరూ ఒకే సోఫాలో ఒకేసారి నోరు తెరిచారు. ఇరవై ఏళ్ళ చదువు ఒక్క ఉదయంతో నేలపాలైంది. మీ కళ్ళలో నీళ్ళు మీ బావమరిది చూసేశాడు. అసలు అది ఎంత బాగుందో కూడా మీకు తెలుసు.

ఇలాంటప్పుడు బేలపడిపోకుండా కొత్త వాక్యం నేర్చుకోవాలి. “పుస్తకంలో ఇలా లేదు” అన్న పాత వాక్యానికి ఇక పని లేదు. “పుస్తకంలో ఇలా ఉండదు” అనండి. ఎంత తేడా! మొదటిదాన్ని పుస్తకం తెరిచి తప్పని నిరూపించవచ్చు. రెండోదాన్ని ఎవడూ ఏమీ చేయలేడు. ‘ది విండ్స్ ఆఫ్ వింటర్’ అన్న ఆ ఆరో పుస్తకం ఇది రాసేనాటికీ రాలేదు. రాని పుస్తకంలో టిరియన్ ఇంకా తెలివైనవాడు, డెనేరిస్ పతనం ఇంకా నమ్మదగినది, డ్రాగన్లు ఇంకా పెద్దవి. సీరియల్లో నచ్చినవన్నీ మార్టిన్ చెప్పినవి, నచ్చనివన్నీ టీవీవాళ్ళు సొంతంగా కల్పించినవి అని లెక్క రాసుకోండి. ముఖ్యమైన మలుపులు ఆయనే వాళ్ళకి చెప్పాడు కాబట్టి ఏది ఎవరిదో విడదీయడం కష్టం. ఆ కష్టం మనకి రక్ష.

2019లో వచ్చిన చివరి సీజన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఆరే ఎపిసోడ్లు. చదవనివాళ్ళు కూడా మన భాష మాట్లాడటం మొదలుపెట్టారు. సీజన్ మొత్తం మళ్ళీ తీయాలని ఒక అర్జీ మీద పదిహేను లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. అంతమంది కోప్పడుతుంటే చదివినవాడి కోపానికి విలువ ఏముంటుంది? కాబట్టి మీరు మాత్రం శాంతంగా, “నాకు ఐదో సీజన్‌కే తెలిసిపోయింది” అనండి. మూడో ఎపిసోడ్‌లో రాత్రి యుద్ధం మరీ చీకటిగా ఉందని గోల వచ్చింది. తప్పు ఎపిసోడ్‌ది కాదు, చూసేవాళ్ళ టీవీ సెట్టింగులది అన్నాడు కెమెరామన్. ఆయన మాట పట్టుకుని యుద్ధం నడిమధ్యలో మెనూలోకి వెళ్ళి బ్రైట్‌నెస్ సరిచేయండి, నిదానంగా. ఆ మరుసటి ఎపిసోడ్‌లో కోటలో విందు బల్ల మీద ఎవరో మరచిపోయిన కాఫీ కప్పు కనిపించింది. తర్వాత దాన్ని కంప్యూటర్‌తో తుడిచేశారు. ఇప్పుడు కొత్తగా చూసేవాళ్ళకి అది కనపడదు. కనపడనిదాన్ని చూపించే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు, పాజ్ నొక్కి వేలుపెట్టి చూపించండి. ఇంత తిట్లు తిన్న సీజన్‌కే ఆ ఏడు ఉత్తమ డ్రామా ఎమ్మీ వచ్చిన సంగతి మీ నోట రాకూడదు.

‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ 2022లో మొదలయ్యాక మన విద్య మళ్ళీ చిగురించింది, ఒక కొత్త మెలికతో. దానికి ఆధారమైన ‘ఫైర్ అండ్ బ్లడ్’ నవల కాదు, చరిత్ర గ్రంథంలా రాసిన పుస్తకం. ఒకే సంఘటనని రాజభక్తుడైన రచయిత ఒకలా చెబుతాడు, ఆస్థాన విదూషకుడు మష్రూమ్ ఇంకోలా చెబుతాడు, నిజమేదో ఎవరికీ తెలియదు. సీరియల్లో ఏం తీసినా “అసలు జరిగింది ఇదే, చరిత్రకారులు పొరబడ్డారు” అనుకోవచ్చు. ఇంత ఉదారమైన పుస్తకంతో పోట్లాడటం కష్టమే. అయితే 2024 సెప్టెంబరులో మార్టినే మన పార్టీలో చేరాడు. రెండో సీజన్లో మేలోర్ అనే రెండేళ్ళ రాకుమారుణ్ణి తీసేశారని, ఆ చిన్న మార్పు వల్ల ముందుముందు కథ ఎక్కడెక్కడ దెబ్బతింటుందో చెబుతూ తన బ్లాగులో రాశాడు. అంత పసివాణ్ణి షూటింగుకి తేవడం, వాడికయ్యే ఖర్చు, ఇవీ టీవీవాళ్ళు చెప్పిన కారణాలు. ఆయన ఆ కారణాలు కూడా దాచకుండా రాశాడు. మొదటి సూత్రం ఆయనకి తెలియదు. పోస్టు ఎక్కువసేపు ఉండలేదు, తీసేశారు. ఆ స్క్రీన్‌షాట్ సంపాదించి లామినేషన్ చేయించుకోండి.

పిల్లల విషయంలో ఆలస్యం పనికిరాదు. హ్యారీ పోటర్‌ని సీరియల్‌గా తీస్తున్నామని ఇదే హెచ్‌బీఓ 2023లో ప్రకటించింది. పుస్తకాలు ఏడూ పిల్లాడి చేత ముందే చదివించేయండి. వాడికి మనకి లేని సౌకర్యం ఒకటుంది, ఎనిమిది సినిమాలు కూడా వచ్చి ఉన్నాయి. సీరియల్‌ని పుస్తకంతోనూ పోల్చవచ్చు, సినిమాతోనూ పోల్చవచ్చు, పుస్తకానికి దగ్గరగా ఉంటే సినిమాలా లేదని, సినిమాలా ఉంటే పుస్తకంలా లేదని అనవచ్చు. హాగ్వర్ట్స్‌లో పీవ్స్ అని సామాన్లు విసిరే అల్లరి దయ్యం ఉంది, సినిమాల్లో ఎక్కడా కనపడకుండా తీసేశారు. మొదటి ఎపిసోడ్ మొదలైన పది నిమిషాలకల్లా “పీవ్స్ ఏడీ?” అని అడగడం వాడికి అలవాటు చేయండి. తీరా పీవ్స్ వచ్చేస్తే ఏమనాలో కూడా నేర్పి ఉంచండి: “నేను అనుకున్నట్టు లేడు.”